స్ట్రాంగ్ చాయ్, పవర్‌ఫుల్ ఇంజిన్



ఈరోజు రెండు చిన్న ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడతాను. ఒకటి స్ట్రాంగ్, రెండోది పవర్‌ఫుల్. రెండూ మన ఇళ్లలో రోజూ వినిపించేవే. ఫలానా మందు పవర్‌ఫుల్ అంటాం, ఫలానా అభ్యర్థి స్ట్రాంగ్ అంటాం. బడికి పోనివాళ్ల నోట కూడా ఇవి పలుకుతాయి. ఇంత తెలిసిన మాటల మీద ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. మాటలు తెలుసు గానీ, వాటి మధ్య ఉన్న తేడా ఏమిటని అడిగితే చదువుకున్నవాళ్లు కూడా తడుముకుంటారు. ఆ తేడాను పట్టుకునే దారి ఎవరూ చూపించకపోవడం వల్ల తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఎందరో ఇంగ్లీషు పేపరంటే వణుకుతున్నారు. ఆ వణుకు అక్కర్లేదని, దారి వాళ్ల నోట్లోనే, వాళ్ల తెలుగులోనే ఉందని చెప్పడానికి ఈ ప్రసంగం.

హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఇరుగుపొరుగు పేటలు. ఒక పక్క త్యాగరాయ గానసభ, ఒక పక్క ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, మరో పక్క నారాయణగూడ కాలేజీలు. అయితే ఊళ్లలో ఉన్న అమ్మానాన్నలకు ఈ పేటల పేర్లు మరో కారణంగా తెలుసు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలుండే చోటు ఇది. అశోక్‌నగర్ చౌరస్తా చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్సు షాపులు, గైడ్లు అమ్మే దుకాణాలు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్, ఖమ్మం, ఇలా అన్ని దిక్కుల నుంచి వచ్చిన పిల్లలు ఆ లైబ్రరీ హాళ్లలో, ఆవరణలో, చెట్ల కింద కూర్చుని గంటల తరబడి చదువుతారు. వాళ్లలో చాలామంది సర్కారు బడిలో, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు. చరిత్ర అడగండి, గడగడా చెబుతారు. రాజ్యాంగం అడగండి, అధికరణాలతో సహా చెబుతారు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

గొంతు తగ్గడానికి కారణం లేకపోలేదు. యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరుకు 300 మార్కులు. అందులో 25 శాతం వస్తే చాలు, ఆ మార్కులను ర్యాంకులో కలపరు. కానీ ఆ 25 శాతం రాకపోతే మిగతా పేపర్లలో ఎంత బాగా రాసినా లెక్కలోకి తీసుకోరు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 మెయిన్స్‌లోనూ జనరల్ ఇంగ్లీషు అర్హత పేపరు ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ మొదటి దశ పరీక్షలో 100 ప్రశ్నలుంటే 25 ఇంగ్లీషువే. కొన్నిచోట్ల ఇంగ్లీషు ర్యాంకు తేల్చదు, గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. కొన్నిచోట్ల ఉద్యోగాన్నే తేలుస్తుంది. ఏళ్ల తరబడి చదివిన చదువు ఒక్క పేపరు దగ్గర ఆగిపోవడం ఎంత బాధో ఆ వీధుల్లో తిరిగేవాళ్లకు తెలుసు.

అందుకని పిల్లలు ఏం చేస్తారు? జాబితాలు బట్టీ పడతారు. జిరాక్సు షాపులో దొరికే పర్యాయపదాల పట్టీలు మీరు చూసే ఉంటారు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు మాట. స్ట్రాంగ్ అంటే బలమైన. పవర్‌ఫుల్ అంటే బలమైన. బిగ్ అంటే పెద్ద. లార్జ్ అంటే పెద్ద. గ్రేట్ అంటే పెద్ద, గొప్ప. హై అంటే ఎత్తైన. టాల్ అంటే ఎత్తైన, పొడవైన. ఇలా వందలకొద్దీ. ఇదంతా వృథా అని నేననను. నాలుగు మాటలిచ్చి, దీనికి దగ్గరి అర్థం ఉన్నది ఏదో చెప్పమన్నప్పుడు ఈ పట్టీ పనికొస్తుంది. కానీ పరీక్ష అక్కడితో ఆగదు. వాక్యంలో ఖాళీ ఇచ్చి పూరించమంటుంది. తప్పు ఎక్కడుందో పట్టమంటుంది. ఉత్తరం రాయమంటుంది. అక్కడ పట్టీ చేతులెత్తేస్తుంది.

ఒక ఖాళీ చూద్దాం. నిన్న రాత్రి వీచిన ఫలానా గాలులకు చెట్టు కూలిందని ఇంగ్లీషులో ఒక వాక్యం ఇచ్చారు. గాలి ముందు పెట్టడానికి నాలుగు మాటలు: హెవీ, స్ట్రాంగ్, బిగ్, థిక్. పట్టీ చదివిన పిల్లవాడికి పెద్ద గాలి అనిపిస్తుంది, బిగ్ అని గుర్తు పెడతాడు. జవాబు స్ట్రాంగ్. అదే వాక్యంలో గాలి తీసేసి వాన పెడితే జవాబు హెవీ. పట్టీలో హెవీకి ఎదురుగా బరువైన అని ఉంటుంది. బరువైన వాన అని మనమెవరం అనం కదా, అందుకని ఆ మాట తట్టదు. నిజానికి మన పత్రికలు రోజూ రాసే భారీ వర్షాలు అన్న మాటలో ఉన్నది ఆ బరువే. భారీ అన్నది హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం బరువైన అనే. అంటే హెవీ రెయిన్ అన్న ఊహ మనకు కొత్తదేమీ కాదు. పట్టీ దాన్ని దాచేసింది, అంతే.

ఇప్పుడు మన రెండు మాటలకు వద్దాం. స్ట్రాంగ్ అన్నది ఇంగ్లీషు సొంత మాట, ఆ భాష పుట్టినప్పటి నుంచి దానితో ఉన్నది. పవర్‌ఫుల్‌లోని పవర్ ఫ్రెంచి పాలకుల వెంట ఇంగ్లండులో అడుగుపెట్టింది. పుట్టిల్లు వేరు, నడక వేరు.

తలుపు ముందు ఏది పెట్టాలి? స్ట్రాంగ్ డోర్. తాడు ముందు? స్ట్రాంగ్ రోప్. గోడ, వంతెన, పెట్టె, అన్నిటికీ స్ట్రాంగే. పవర్‌ఫుల్ డోర్ అంటే ఇంగ్లీషువాడు నొసలు చిట్లిస్తాడు. మరి ఇంజిన్ ముందు? పవర్‌ఫుల్ ఇంజిన్. బాంబుకు, దుర్బిణికి, కంప్యూటరుకు కూడా పవర్‌ఫుల్. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తలుపు, తాడు, గోడ చేసే పని ఏమిటి? తట్టుకోవడం. లాగినా తెగకుండా, గుద్దినా కూలకుండా నిలబడడం. ఇంజిన్, బాంబు, దుర్బిణి చేసే పని ఏమిటి? మరోదాని మీద తమ ప్రభావం చూపడం. ఇంజిన్ బండిని లాగుతుంది. బాంబు గోడను కూలుస్తుంది. దుర్బిణి దూరాన్ని దగ్గర చేస్తుంది. తనలో ఉన్న గట్టిదనాన్ని చెప్పేది స్ట్రాంగ్, ఎదుటిదాని మీద చూపే శక్తిని చెప్పేది పవర్‌ఫుల్. చాలాచోట్ల ఈ తేడా పనిచేస్తుంది.

మనుషుల దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. ఎ స్ట్రాంగ్ వుమన్ అంటే ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కావచ్చు, కష్టాలు మీదపడినా చెదరని మనిషి కావచ్చు. ఎ పవర్‌ఫుల్ వుమన్ అంటే చాలావరకు అధికారమో పలుకుబడో ఉన్న మనిషి, ఆమె మాట నలుగురి మీద పనిచేస్తుంది. భర్త పోయాక కూలికి పోతూ పిల్లల్ని చదివించిన తల్లి స్ట్రాంగ్. జిల్లా కలెక్టరు పవర్‌ఫుల్. ఆ తల్లి పెంచిన కూతురు కలెక్టరయితే ఆ అమ్మాయి రెండూనూ.

వాదన దగ్గర రెండు మాటలూ పనికొస్తాయి, అర్థం మాత్రం మారుతుంది. స్ట్రాంగ్ ఆర్గ్యుమెంట్ అంటే ఎదుటివాడు ఖండించడానికి సందు దొరకని వాదన. పవర్‌ఫుల్ ఆర్గ్యుమెంట్ అంటే విన్నవాళ్లను కదిలించే వాదన. కోర్టులో మొదటిది గెలుస్తుంది, సభలో రెండోది చప్పట్లు కొట్టిస్తుంది. ఉపన్యాసానికి మాత్రం పవర్‌ఫుల్ స్పీచ్ అనే ఎక్కువగా అంటారు, ఎందుకంటే ఉపన్యాసం పని ఎదుటివాళ్ల మీదే. వాసనకు, రుచికి, నమ్మకానికి, అనుమానానికి స్ట్రాంగ్. మందుకు రెండూ చెల్లుతాయి. అన్నిచోట్లా సూత్రం ఒప్పుతుందని చెప్పలేను. సూత్రం గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి అలవాటే తీసుకెళ్లాలి.

ఇప్పుడు ఇవే మాటలు తెలుగులో అనండి. గట్టి తలుపు. గట్టి తాడు. శక్తిమంతమైన బాంబు. పలుకుబడి ఉన్న నాయకుడు. ధాటైన ఉపన్యాసం. ఘాటైన వాసన. గట్టి నమ్మకం. బలమైన అనుమానం. ఎన్ని మాటలు వచ్చాయో చూశారా? గట్టి, శక్తిమంతమైన, పలుకుబడి ఉన్న, ధాటైన, ఘాటైన, బలమైన. వీటిలో ఒకటి తీసి మరొకదాని చోట పెట్టి చూడండి. ఘాటైన తలుపు, ధాటైన తాడు, గట్టి వాసన. చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటాయో! ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలో మీకు ఎవరూ వ్యాకరణం చెప్పలేదు. అమ్మ నోట విని నేర్చుకున్నారు. ఆ చెవి మీకుంది. గట్టిగా అన్న మాట మనకు పెద్ద గొంతుతో అని కూడా పనిచేస్తుంది, గట్టిగా మాట్లాడు అంటాం. స్ట్రాంగ్‌కు ఆ పని లేదు, ఇంగ్లీషులో దానికి లౌడ్ వేరే ఉంది. ఇలా మన మాట పరిధి ఎక్కడిదాకా, వాళ్ల మాట పరిధి ఎక్కడిదాకా అని చూసుకుంటూ పోవడమే భాష నేర్చుకోవడమంటే. స్ట్రాంగ్ ఈజ్ ఈక్వల్ టు బలమైన అని ఒకే సమీకరణం రాసిన పట్టీ ఇంగ్లీషుకు ఎంత అన్యాయం చేసిందో తెలుగుకూ అంతే అన్యాయం చేసింది.

చిక్కడపల్లి పిల్లలకు దీన్ని ఇంకా దగ్గరగా చూపించేది చాయ్. చదివి చదివి కళ్లు మండితే బయటికొచ్చి చాయ్ తాగుతారు. ఇంగ్లీషులో దాన్ని స్ట్రాంగ్ టీ అంటారు. ఆకు ఎక్కువ పడి, డికాషన్ బాగా దిగిన టీ అని అర్థం. అదే చాయ్‌ని హైదరాబాదీ ఉర్దూలో కడక్ చాయ్ అంటారు. కడక్ అంటే బిరుసు, గట్టి. కొత్త నోటు కడక్, ఇస్త్రీ చేసిన చొక్కా కడక్. తెలుగులో చిక్కటి టీ అంటాం. అయితే గమనించండి, చిక్కటి అన్నామంటే పాలు ఎక్కువ, నీళ్లు తక్కువ అని. డికాషన్ సంగతి అందులో లేదు. అంటే స్ట్రాంగ్ టీ, చిక్కటి టీ ఒకటి కావు. ఒకే పొయ్యి మీది చాయ్‌కి మూడు భాషలు మూడు విశేషణాలు ఎంచుకున్నాయి. ఒకటి బలం చూసింది, ఒకటి బిరుసు చూసింది, ఒకటి చిక్కదనం చూసింది. పవర్‌ఫుల్ టీ అని మాత్రం ఇంగ్లీషులో అనరు. ఎందుకు అనరని అడిగితే, ఆ భాష అలా అలవాటు పడింది, అంతే జవాబు.

ఈ టీ ఉదాహరణను భాషాశాస్త్రంలో ప్రసిద్ధం చేసినవాడు ఎం.ఏ.కే. హాలిడే. 1966లో రాసిన ఒక వ్యాసంలో ఆయన దీన్ని ఎత్తుకున్నారు. టీ స్ట్రాంగ్ అవుతుంది గానీ పవర్‌ఫుల్ కాదు, కారు పవర్‌ఫుల్ అవుతుంది గానీ స్ట్రాంగ్ అంటే అదే అర్థం రాదు, వాదన మాత్రం రెండూ అవుతుంది అని చూపించారు. హాలిడే గురువు జె.ఆర్. ఫర్త్. ఆయన 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పారు. మాట అర్థాన్ని అది ఏ మాటల సావాసంలో తిరుగుతుందో చూసి తెలుసుకోవాలన్నది ఫర్త్ సిద్ధాంతం. ఆ సావాసానికి ఇంగ్లీషులో కొలొకేషన్ అని పేరు. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే ఎవరితో తిరుగుతున్నాడో చూడమని మన పెద్దలు అంటారు కదా, మాట సంగతీ అంతే.

మరి పర్యాయపదాల పట్టీలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1852లో లండన్‌లో పీటర్ మార్క్ రొజే అనే వైద్యుడు తన థెసారస్‌ను అచ్చు వేయించారు. దగ్గరి అర్థాలున్న మాటలన్నిటినీ గుంపులుగా కట్టిన పుస్తకం అది. అందులో అర్థాలు రాయలేదు. ఎందుకంటే అది ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం. మనసులో ఊహ ఉంది, నాలుక చివర మాట ఆడుతోంది, పైకి రావడం లేదు, అలాంటివాళ్లకు మాట అందించడం దాని పని. ఆ మాటల్లో ఏది ఎక్కడ ఒప్పుతుందో చదివేవాడికి ముందే తెలుసు. తెలియనివాడి చేతిలో ఆ గుంపు పెడితే వాడికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మన కోచింగ్ పట్టీలు చేస్తున్నది అదే. వచ్చినవాళ్ల కోసం కట్టిన గుంపును నేర్చుకునేవాళ్ల మీద రుద్దుతున్నాయి.

అదే 1852లో మద్రాసులో మరో పుస్తకం వెలువడింది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. తెలుగు ఆయనకు పరాయి భాష. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో కొలువు చేస్తూ నేర్చుకున్నారు. ఆ నిఘంటువు తెరిచి చూడండి. మాట పక్కన అర్థం పెట్టి ఊరుకోలేదు. కావ్యాల్లో ఆ మాట ఎలా వచ్చిందో, జనం నోట ఎలా పలుకుతుందో ఉదాహరణలిచ్చారు. తాను పరాయి భాష నేర్చుకున్నవాడు కనుక, నేర్చుకునేవాడికి ఏం కావాలో ఆయనకు తెలుసు. మాటకు వాక్యం కావాలి.

తర్వాత తొంభై ఏళ్లకు జపాన్‌లో ఇదే జరిగింది. ఏ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు అక్కడి విద్యార్థులకు పాఠాలు చెబుతూ, సహచరులతో కలిసి ఒక నిఘంటువు కూర్చారు. 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ ప్రచురించింది. ఇవాళ మనం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అంటున్నది అదే. ఆసియాలో, పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం పుట్టిన పుస్తకం. అందులో స్ట్రాంగ్ అన్న మాట తెరిస్తే, అది ఏ ఏ మాటల ముందు నిలుస్తుందో ఉదాహరణలతో ఉంటుంది. గైడు కొనే డబ్బుతో పాటు కొంచెం కూడబెట్టి అది కొనుక్కోండి, లేదా లైబ్రరీలో అడిగి తీసి చూడండి.

ఈ చూపుతో మరికొన్ని జంటలు చూద్దాం.

టాల్, హై. మనిషి టాల్, చెట్టు టాల్. కొండ హై, గోడ హై, ఇంటి పైకప్పు హై. మనమూ ఇంచుమించు ఇలాగే వాడతాం. పొడుగు మనిషి అంటాం, ఎత్తైన కొండ అంటాం. పొడుగు కొండ అనం. కాకపోతే మన పొడుగు తాడుకూ చెల్లుతుంది, అక్కడ ఇంగ్లీషు లాంగ్ అంటుంది. అందుకే మన పిల్లలు పొడుగు మనిషిని లాంగ్ మ్యాన్ అంటారు. తెలివి తక్కువై కాదు, మన మాట పరిధి పెద్దది కనుక. అది తెలిస్తే తప్పు దానంతటదే తగ్గుతుంది.

స్మాల్, లిటిల్. పట్టీలో రెండూ చిన్న. స్మాల్ హౌస్ అంటే కొలతలో చిన్నది. లిటిల్ హౌస్ అంటే అందులో ముద్దు చేరింది. తెలుగులో దీనికి ఎంత చక్కటి మాటలున్నాయి! బుల్లి, బుజ్జి, చిట్టి. చిన్న ఇల్లు స్మాల్, బుల్లి ఇల్లు లిటిల్. లిటిల్ ముందు ‘ఎ’ అన్న ఒక్క అక్షరం ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం. ఎ లిటిల్ హోప్ అంటే కొంచెం ఆశ ఉందని. లిటిల్ హోప్ అంటే ఆశ లేనట్టేనని. పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది. జీవితంలోనూ ఇది పెద్ద తేడానే.

బిగ్, లార్జ్. బిగ్ వాడుక మాట. వయసుకూ ముఖ్యానికీ కూడా పనికొస్తుంది. బిగ్ బ్రదర్ అంటే పెద్దన్న, బిగ్ డెసిషన్ అంటే పెద్ద నిర్ణయం. లార్జ్ కొలతకు, లెక్కకు దగ్గర. లార్జ్ నంబర్, లార్జ్ క్వాంటిటీ. చొక్కా మీద ఎస్, ఎం, ఎల్ అన్న గుర్తుల్లో ఎల్ అంటే లార్జ్, అది కొలత కనుక. లార్జ్ బ్రదర్ అంటే పెద్దన్న కాడు, భారీకాయం ఉన్న అన్న. మన పెద్దకు బిగ్ దగ్గరి చుట్టం. పెద్దన్న, పెద్ద నిర్ణయం, పెద్ద తప్పు, మూడు చోట్లా బిగ్ సరిపోతుంది.

హిస్టారిక్, హిస్టారికల్. చరిత్రలో నిలిచిపోయే సంఘటన హిస్టారిక్. చరిత్రకు సంబంధించిన ఏదైనా హిస్టారికల్. 1947 ఆగస్టు 15 హిస్టారిక్. దాని మీద రాసిన నవల హిస్టారికల్. ఎకనామిక్, ఎకనామికల్ కూడా ఇలాంటివే. ఆర్థిక సర్వే ఎకనామిక్. పొదుపుగా నడిచే బండి ఎకనామికల్. అధికారిగా ఒక నోట్ రాయాల్సిన రోజున ఈ తేడా మీ గౌరవం నిలబెడుతుంది.

తేడాలు చూపడంలో ఎప్పుడూ ఇంగ్లీషుదే పైచేయి అనుకోకండి. పాత ఇల్లు, ముసలి తాత అని మనం వేరు చేస్తాం, ఇంగ్లీషు రెండింటికీ ఓల్డ్ అంటుంది. ఓల్డ్ టీచర్ అంటే పూర్వం పాఠం చెప్పిన ఆయనా, వయసు మీరిన ఆయనా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. వేడి కూర, కారం కూర అని మనం విడదీస్తాం, ఇంగ్లీషు రెండింటికీ హాట్ అనే వాడుతుంది. మన భాషలో లేని సూక్ష్మం ఏదో వాళ్ల దగ్గర ఉందన్న బెరుకు పెట్టుకోవద్దు. ఏ భాష గీతలు అది గీసుకుంది.

కొలువు భాష విషయంలో చిక్కడపల్లి, నారాయణగూడ పేటలకు ఒక చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో సర్కారు కొలువుకు ఉర్దూ కావాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చేందుకు అంతకు ముందే ఒక అనువాద సంస్థను పెట్టారు. అలాంటి రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి నడిపించారు. సొంత భాష పునాదిగా ఉంటే ఏ చదువైనా నిలబడుతుందని నమ్మిన మనిషి ఆయన. తర్వాత 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. నారాయణగూడ పక్కనే హిమాయత్‌నగర్‌లో ఉన్న ఆ సంస్థ పుస్తకాలే ఇవాళ పోటీ పరీక్షల పిల్లలకు ఆధారం. కొలువు భాష నాడు ఉర్దూ, నేడు ఇంగ్లీషు. కొలువు కోరే పిల్లల ఇంటి భాష నాడూ నేడూ తెలుగే. ఇంగ్లీషును ఎలా నేర్చుకోవాలో పరిశోధించడానికి 1958లో మన నగరంలోనే ఒక జాతీయ సంస్థ వెలిసింది. అదే ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఇఫ్లూ. అంత పెద్ద సంస్థ ఉన్న ఊళ్లో, దానికి కొద్ది దూరంలో, పిల్లలు ఇంకా రెండు వరసల పట్టీలే పట్టుకుని ఉండడం న్యాయం కాదు.

కాబట్టి చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఇది. ఒంటరి మాట రాసుకోవద్దు, జంట రాసుకోండి. స్ట్రాంగ్ అని రాయకుండా స్ట్రాంగ్ విండ్, స్ట్రాంగ్ టీ, స్ట్రాంగ్ డోర్ అని రాయండి. పక్కన తెలుగు కూడా జంటగానే రాయండి: బలమైన గాలి, డికాషన్ ఎక్కువైన టీ, గట్టి తలుపు. కుడి పక్క తెలుగు మాట మారిన ప్రతిసారీ అక్కడ మీరు ఒక కొత్త సంగతి నేర్చుకున్నట్టు. రోజూ లైబ్రరీలో ఇంగ్లీషు పత్రిక తెరిచినప్పుడు వార్తతో పాటు విశేషణాలు కూడా చూడండి. లైబ్రరీ పత్రిక మీద గీతలు గీయలేరు కనుక, ఏ నామవాచకం ముందు ఏ విశేషణం వచ్చిందో నోటుబుక్కులో ఎక్కించండి. కొన్ని వారాలకే చెవి తయారవుతుంది. ఖాళీ చూడగానే జవాబు నోటికి వస్తుంది, తెలుగులో వచ్చినట్టే.

పాఠాలు చెప్పే మిత్రులకు ఒక విన్నపం. పిల్లలు మీ చేతిలో ఏళ్లు పెడుతున్నారు, ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసి ఫీజు కడుతున్నారు. దయచేసి రెండు వరసల పట్టీలు ఆపి, వాక్యాలు ఇవ్వండి. తెలుగు మాధ్యమం పిల్లల తెలుగును అడ్డంకిగా చూడకండి. ఆ తెలుగుతోనే తేడా విప్పి చెప్పండి. గట్టి, ఘాటు, ధాటి మధ్య తేడా తెలిసిన పిల్లవాడికి స్ట్రాంగ్, పవర్‌ఫుల్ మధ్య తేడా తెలియకపోవడమంటూ ఉండదు, చెప్పేవాళ్లు ఉండాలే గానీ.

తెలుగు బాగా వచ్చినవాడు ఇంగ్లీషుకు భయపడాల్సిన పని లేదు. మాటల మధ్య తేడా పట్టే చెవిని మీ ఇల్లు మీకు ఎప్పుడో ఇచ్చేసింది. దాన్ని ఇంగ్లీషు పేపరు మీద కూడా వాడండి. మీ పరీక్షలు బాగా జరగాలని, మీరు కోరుకున్న కొలువు మీకు దక్కాలని మనసారా కోరుకుంటున్నాను.